కీబోర్డు ముట్టుకోని అక్క: డెల్టా ఊళ్ళలో ఆడపిల్లలకు కోడింగ్ నేర్పాలనుకునే ఆడవాళ్ళ కోసం

మీరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఉండొచ్చు. పిల్లల కోసం మానేసి ఇంటిపట్టున ఉండొచ్చు. బీటెక్ చివరి ఏడాదిలో ఉండొచ్చు. ఊళ్ళో ఆడపిల్లలకు కాస్త కోడింగ్ చెబుదామని మనసులో ఉంటే ఇది మీకే.

నేను కోనసీమలో నాలుగేళ్ళుగా ఆదివారాలు ఈ పని చేస్తున్నాను. మొదటి ఏడాది 14 మందితో మొదలై ముగ్గురితో ముగిసింది. మిగతా 11 మంది ఎందుకు మానేశారో అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది. కోడింగ్ కష్టమై మానేసింది ఒక్కతే. మిగతావాళ్ళని ఆపినవి దారి, చీకటి, ఇంట్లో పని, అమ్మమ్మ భయం, నా బద్ధకం. అందుకే కింద రాసిన దాంట్లో సగం కంప్యూటర్ గురించి కాదు.

1. ముందు ఆదివారాలు లెక్కపెట్టుకోండి

క్యాలెండర్ తీసి కొట్టేయడం మొదలుపెట్టండి. జులై, ఆగస్టు వరద నెలలు. లంక గ్రామాల పిల్లలు ఎప్పుడు రాగలరో గోదావరే చెప్పాలి. దసరా సెలవులకు సగం మంది ఊళ్ళో ఉండరు. సంక్రాంతికి ముందు వారం, తర్వాత వారం ఎవరూ రారు, నిజం చెప్పాలంటే మీరూ వెళ్ళరు. ఫిబ్రవరి, మార్చి పదో తరగతి వాళ్ళవి. ఇవన్నీ పోగా సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా గట్టిగా 12 ఆదివారాలు మిగులుతాయి. పూటకి రెండు గంటలు వేసుకుంటే 24 గంటలు. అంతకే మాటివ్వండి. వేసవి సెలవుల్లో ఇంకో విడత పెట్టొచ్చు, కానీ అది మొదటి విడత నిలబడ్డాక మాట.

మొదటి ఏడాది ఆఫీసు పని ఒత్తిడిలో నేను వరసగా మూడు ఆదివారాలు డుమ్మా కొట్టాను. ఫోన్ లేని ఇద్దరు పిల్లలకు ఆ కబురు అందలేదు. షేర్ ఆటో ఎక్కి వచ్చి, తాళం వేసిన గేటు ముందు గంట నిలబడి వెళ్ళారట. నాలుగో వారం నేను వెళ్ళాను, వాళ్ళు రాలేదు. ఇంట్లో ఎవరో "మీ టీచరమ్మకే లేని శ్రద్ధ నీకెందుకే" అన్నారట. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి ఒక్కరే మొదలుపెట్టకండి. ఇంకో ఆడమనిషిని కలుపుకోండి. ఆమెకు కోడింగ్ రాకపోయినా ఫరవాలేదు. మీకు జ్వరం వచ్చిన రోజు తలుపు తీసి, పాత పని మళ్ళీ చేయించగలిగితే చాలు.

2. చోటు, ఇంటి గడప, జాగ్రత్తలు

జిల్లా పరిషత్ హైస్కూల్లో కంప్యూటర్ గది ఉంటే హెడ్‌మాస్టరు గారిని కలిసి ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి. ఎవరు చెబుతారు, ఏ రోజు, ఎన్ని వారాలు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇంతే రాయండి. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడి దగ్గర్లో ఉంటే మీ అదృష్టం. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో పిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి రాకపోకల బాధే లేదు, అక్కడ బాధ్యత చూసే మేడమ్ గారి అనుమతి తీసుకోవాలి. ఇవేవీ కుదరకపోతే శాఖా గ్రంథాలయం, లేదా మీ వీధి అరుగు. ప్రొజెక్టర్ ఉందా అని అడిగే ముందు బాత్రూమ్ చూడండి. దానికి గడియ పడుతుందో లేదో కూడా చూడండి. సాయంత్రం చీకటి పడేలోపు పిల్ల ఇంటి గుమ్మంలో ఉండేలా గంటలు పెట్టుకోండి. నాది ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర.

తర్వాత ప్రతి ఇంటికీ ఒకసారి వెళ్ళండి. ఫోన్ చేస్తే సరిపోదు. మన వైపు చాలా ఇళ్ళలో తల్లి కువైట్‌లోనో ఖతర్‌లోనో పనిలో ఉంటుంది, పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. పర్మిషన్ ఇచ్చేది ఆ అమ్మమ్మే. నాకు ఎదురైన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"మగపిల్లలు కూడా వత్తారేంటమ్మా?"

"లేదండి అమ్మమ్మగారూ, అందరూ ఆడపిల్లలేనండి. నేనూ, ఇంకో అక్కా ఉంటాం."

"ఫోన్ చూత్తానంటే మట్టుకు నేనొప్పుకోను."

"ఆయ్, ఫోన్ పనే లేదండి. మీరూ ఒకపూట వచ్చి కూర్చోండి."

ఆ చివరి మాట ఊరికే అనకండి, నిజంగా కూర్చోబెట్టండి. ఒక అమ్మమ్మ వచ్చి రెండు గంటలు కూర్చుంటే వీధిలో నాలుగిళ్ళకు నమ్మకం కుదురుతుంది. ఆ తల్లికి కూడా వీడియో కాల్‌లో చెప్పండి. అక్కడి పనిగంటలు చూసుకుని, వాళ్ళకు శుక్రవారం సెలవు ఉంటే ఆ రోజు. ఒక్క మాట మాత్రం ఎవరితోనూ అనకండి: "లక్షల జీతం వస్తుంది." ఆ మాట విన్న ఇల్లు మూడో నెల నుంచి ఫలితం అడగడం మొదలుపెడుతుంది, ఆ టెన్షన్ పిల్ల మీద పడుతుంది.

జాగ్రత్తల విషయంలో మొహమాటం వద్దు. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్ద ఆడవాళ్ళు ఉండాలి. పిల్లతో విడిగా చాటింగ్ వద్దు, వాట్సాప్ గ్రూపులో ఇంటి పెద్దల నంబర్లే ఉండాలి. ఫొటోలు తీసి స్టేటస్‌లో పెట్టకండి, పెట్టమని మీ ఆఫీసు వాళ్ళు అడిగినా సరే. 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు డిజిటల్‌గా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఇంట్లోనో బయటో ఎవరైనా లైంగికంగా ఇబ్బంది పెడుతున్నారని పిల్ల చెబితే అది మీ దగ్గర దాచుకునే రహస్యం కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఆ నంబరు గోడ మీద రాసి పెట్టండి.

3. సామాను

ఇద్దరికి ఒక కంప్యూటర్ సరిగ్గా సరిపోతుంది. మనిషికొకటి ఉన్నా నేను ఇద్దరినే కూర్చోబెడతాను. ఒకతె టైపు చేస్తుంది, ఒకతె చెబుతుంది, పావుగంటకి మారాలి. పాత ల్యాప్‌టాప్‌లు చాలు. ముందే రెండు ఎక్కించి పెట్టుకోండి: దిమ్మెలు పేర్చి ప్రోగ్రాము చేసే స్క్రాచ్ ఆఫ్‌లైన్ యాప్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయడానికి థానీ. థానీతో పాటు పైథాన్ కూడా వచ్చేస్తుంది, వేరే తంటా లేదు. రెండింటికీ ఇంటర్నెట్ అక్కర్లేదు, అకౌంట్ అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్ళ ఆండ్రాయిడ్ ఫోన్ మాత్రమే ఉన్న పిల్లకు ఫోన్‌లోనే పైథాన్ నడిపే పైడ్రాయిడ్ 3 యాప్ ఉంది, కానీ అమ్మమ్మకి ఫోన్ పని లేదని మాటిచ్చి ఉంటే ఆమెను మళ్ళీ అడిగాకే. కరెంటు పోతుంది. పోయినప్పుడు ప్రోగ్రామును కాగితం మీద వరస వరసగా నడిపించండి, ఏ పెట్టెలో (అంకెకి పేరు పెట్టి దాచుకునే చోటు, వేరియబుల్) ఏ అంకె ఉందో రాస్తూ. లూప్, అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం, నా పిల్లలకు బాగా అర్థమైంది కరెంటు లేని రోజునే.

4. మొదటి ఆదివారం: ముగ్గు

మొదటి రోజు కంప్యూటర్ ఆన్ చేయకండి. వీక్లీల్లో సంక్రాంతి ముగ్గుల కింద "7 చుక్కలు, 4 వచ్చేవరకు సందు చుక్క" అని రాస్తారు కదా, అది బోర్డు మీద రాయండి. ఆ ఒక్క లైను నుంచి 4, 5, 6, 7, 6, 5, 4 వరసల్లో 37 చుక్కలు వస్తాయని ఆ గదిలో ఏ పిల్లకూ చెప్పక్కర్లేదు. వాళ్ళకు తెలియనిదల్లా తాము ఇప్పుడే ఒక ప్రోగ్రాము చదివామని.

ఇప్పుడు ఆట. ఒకమ్మాయి చిన్న ముగ్గు ఉన్న కాగితం పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడాలి. ఇంకో అమ్మాయి సుద్దముక్క పట్టుకుని, చెప్పింది చెప్పినట్టు, సొంత తెలివి వాడకుండా గీయాలి. "పక్క చుక్కకి కలుపు" అంటే ఎటు పక్క? "చుట్టూ తిప్పు" అంటే ఏ చుక్క చుట్టూ? పది నిమిషాల్లో నేల మీద ఏదో ఒక వింత జంతువు తయారవుతుంది, అందరూ పడీ పడీ నవ్వుతారు. కంప్యూటర్‌కి సొంత తెలివి లేదు, మనం చెప్పిందే చేస్తుంది అని మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. రెండో అమ్మాయే అంటుంది, "నువ్వు చెప్పిందే గీశానే!" అని.

నరసాపురం, పాలకొల్లు వైపు అయితే లేసు పనితో కూడా ఇదే చేయొచ్చు. లేసు అల్లే తల్లి ఒకావిడ తన కూతురి లూప్ చూసి "ఇంతేనా, ఇదే అల్లికని ఇన్నిసార్లు తిరగెయ్యడమేగా" అంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఇంట్లో కోడింగ్ "అర్థంకాని చదువు" కాకుండా పోయింది.

5. స్క్రాచ్, తర్వాత తాబేలు

ఆరు, ఏడు తరగతుల వాళ్ళకు స్క్రాచ్. ఎంఐటీ వాళ్ళు 2007లో విడుదల చేసింది, దిమ్మెలు పేర్చినట్టు ఉంటుంది, టైపింగ్ బాధ ఉండదు. రెండు మూడు ఆదివారాలు చాలు. ఎనిమిదో తరగతి దాటితే నేరుగా పైథాన్‌కి వెళ్ళండి. ఆ వయసు పిల్లలకు బొమ్మ పిల్లి గెంతడం చిన్నతనంగా అనిపిస్తుంది, మొహమాటానికి చెప్పరు.

పైథాన్‌లో టర్టిల్‌తో మొదలుపెట్టండి. తెర మీద తాబేలు కదులుతూ గీత గీస్తుంది. దీని మూలం 1967లో పుట్టిన లోగో భాష, దాన్ని తయారుచేసిన వాళ్ళలో సింథియా సొలొమన్ అనే ఆవిడ ఉన్నారు. ఇలాంటి సంగతులు పాఠంలా చెప్పకండి. "ఆడవాళ్ళు కూడా ఇవి చేస్తారా అక్కా?" అని ఎవరైనా అడిగిన రోజు చెప్పండి. 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్‌కి ప్రోగ్రాములు సిద్ధం చేసిన మొదటి జట్టులో ఆరుగురూ ఆడవాళ్ళేనని కూడా ఆ రోజే చెప్పండి.

ఒక వలయం గీసి 10 డిగ్రీలు తిప్పు, ఇదే 36 సార్లు చెయ్యి. పువ్వు వస్తుంది, ఎందుకంటే పదిని 36తో హెచ్చిస్తే 360, పూర్తి చుట్టు. ఒకమ్మాయి 10కి బదులు 11 కొట్టింది. పువ్వు ఒక చుట్టు దాటి తన మీద తానే ఎక్కింది. సరిచేద్దామా అంటే వద్దంది. తర్వాతి వారం 7, 50, 91 అన్నీ ప్రయత్నించి నోట్‌బుక్‌లో గీసుకొచ్చింది.

6. వరద హెచ్చరిక

నా 12 ఆదివారాల్లో ఒక్కటే మిగల్చమంటే దీన్నే మిగులుస్తాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. డెల్టా పిల్లలకు ఈ అంకెలు ఎక్కాల కన్నా బాగా వచ్చు. 2022 జులై గుర్తుందా అంటే కథలు చెబుతారు, 1986 ఆగస్టు అంటే వాళ్ళ అమ్మమ్మలు చెబుతారు.

పని ఇదీ: నీటిమట్టం అడిగి, ఏ హెచ్చరికో చెప్పే ప్రోగ్రాము రాయాలి. నీటిమట్టం అడిగే మొదటి లైను మీరే రాసివ్వండి, దాని సంగతి తర్వాతి భాగంలో. ఇఫ్ (ఇలా ఉంటే), ఎలిఫ్ (లేదంటే, ఇలా ఉంటే), ఎల్స్ (ఏదీ కాకపోతే) అనే మూడు మాటలు చెప్పి వదిలేయండి. దాదాపు అందరూ చిన్న అంకెతోనే మొదలుపెడతారు, అలా రాయనివ్వండి:

మట్టం 11.75 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే: మొదటి హెచ్చరిక
లేదంటే, 13.75 గానీ ఎక్కువ గానీ ఉంటే: రెండో హెచ్చరిక
లేదంటే, 17.75 గానీ ఎక్కువ గానీ ఉంటే: మూడో హెచ్చరిక
ఏదీ కాకపోతే: హెచ్చరిక లేదు

12 ఇస్తే మొదటిది అంటుంది. అందరూ చప్పట్లు. ఇప్పుడు 18 ఇవ్వమనండి. దానికీ మొదటి హెచ్చరికే అంటుంది. లంక నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "ఇదేంటండి అక్కా, పద్దెనిమిదంటే మా కాజ్‌వే ఎప్పుడో మునిగిపోద్ది, ఇదింకా మొదటిదంటాదేంటి!" అంది. కంప్యూటర్ మీద కోపం వచ్చింది ఆ పిల్లకి. ఆ కోపాన్ని పాడుచేయకండి. తప్పు ఎక్కడుందో మీరు చెప్పొద్దు. పైనుంచి కిందికి వేలు పెట్టి చదవమనండి. 18 అనేది 11.75 కన్నా ఎక్కువే కాబట్టి మొదటి గుమ్మంలోనే లోపలికి వెళ్ళిపోయింది, మిగతా రెండు గుమ్మాల దాకా రానేలేదు. నాకు తెలిసిన ఇంజినీర్లలో కూడా ఈ వరస తప్పే వాళ్ళున్నారు, నాతో సహా. పెద్ద అంకె పైకి వెళ్ళాలని పిల్లలే కనుక్కుంటారు. మా దగ్గర పాతిక నిమిషాలు పట్టింది. నేను నోరు మూసుకుని ఉండడానికి పడ్డ అవస్థ వేరే సంగతి.

తర్వాత సరిగ్గా 11.75 ఇచ్చి చూడమనండి. "ఎక్కువ ఉంటే" అని మాత్రమే రాసినవాళ్ళకు హెచ్చరిక రాదు. 11.74, 11.75, 11.76 మూడూ ఇచ్చి చూడడం అలవాటు చేయండి. టెస్టింగ్ అనే మాట అప్పుడు పరిచయం చేస్తే అతుక్కుంటుంది.

7. ఎర్రర్లు, ఇంగ్లీషు భయం

ఎర్రగా ఇంగ్లీషు లైన్లు పడగానే పిల్లలు మిమ్మల్ని చూస్తారు, తిడతారేమోనని. మా క్లాసులో దానికొక పద్ధతి ఉంది. చివరి లైను ముందు చదవాలి, తర్వాత లైను నంబరు చూడాలి. ఎర్రర్ పేరు ఒక నోట్‌బుక్‌లో రాసి, పక్కన తెలుగులో సొంతమాట రాయాలి. ముందు చెప్పని పేరు వాడితే వచ్చే నేమ్ ఎర్రర్‌కి ఒకమ్మాయి రాసుకున్నది: "ఆ పేరుగలవాళ్ళు ఇంట్లో లేరు."

రెండు ఎర్రర్లు మాత్రం మీరే కావాలని రప్పించండి. మొదటిది బస్తాల లెక్క. మన దగ్గర ధాన్యం బస్తా 75 కిలోలు. రెండు బస్తాల బరువు విడివిడిగా అడిగి కలపమంటే పైథాన్ 150 అనదు, 7575 అంటుంది. టైపు చేసింది ఏదైనా దానికి ముందు అక్షరాలే, అంకెగా మార్చమని మనం చెప్పాలి. "తాతయ్యకి ఒక్క పూటలో ఎంత పంట పండిందో!" అని ఆ రోజంతా నవ్వుకున్నారు. ఇంట్ అనే మాటతో 75ని మార్చడం వచ్చాక, అదే మాటను వరద ప్రోగ్రాములో 11.75 మీద వాడి చూడమనండి. ఒప్పుకోదు. దశాంశాలకు ఫ్లోట్ కావాలి.

ఇంగ్లీషు భయానికి నా మందు వేరు. పైథాన్ 3లో పెట్టెల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు: ధర, బస్తాలు, నీటిమట్టం. ఇఫ్, ఫర్ లాంటివి మాత్రం ఇంగ్లీషులోనే ఉంటాయి. కీబోర్డు మీద ౭౫ అని తెలుగు అంకెలు కొట్టినా ఇంట్ దాన్ని 75గా మార్చేస్తుంది. ఇది చూపించిన రోజు గదిలో మొహాలు చూడాలి. ఉద్యోగాల్లో ఎవరూ అలా రాయరు, నిజమే. నాలుగు వారాల తర్వాత పిల్లలే ఇంగ్లీషు పేర్లకు మారతారు, తొందరపెట్టక్కర్లేదు.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. "అమ్మ" అన్న మాట పొడవు ఎంత అని, పొడవు కొలిచే పైథాన్ మాట లెన్‌ని అడిగితే 4 అంటుంది. పిల్లలకు కనబడేవి రెండక్షరాలు. కంప్యూటర్ దాచుకునేవి అ, మ, పొల్లు, మళ్ళీ మ. గోదావరి అంటే మనకి నాలుగు, దానికి ఏడు: గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి. మా వాళ్ళు ఆ పూటంతా తమ పేర్లు, ఊరి పేర్లు, చివరికి పూతరేకులు కూడా కొలిచారు. నేను అనుకున్న పాఠం అవలేదు. పోనీయండి.

8. చేతులు

ఇక ఈ వ్యాసానికి పేరు పెట్టిన సంగతి. పిల్ల ఇరుక్కుపోయినప్పుడు మన చెయ్యి తనంతట తనే కీబోర్డు మీదకి వెళ్ళిపోతుంది. పది సెకన్లలో సరిచేసేస్తాం, పిల్ల "ఓ" అంటుంది, ఏమీ నేర్చుకోదు. రెండోసారి ఇరుక్కుంటే కుర్చీ పక్కకి జరిపి మీకు చోటిస్తుంది. ఆ జరగడం చూశారంటే మీరు చెడగొట్టారన్నమాట. నేను క్లాసు జరిగినంతసేపూ రెండు చేతుల్తో గాజు గ్లాసు పట్టుకుని తిరుగుతాను, టీ అయిపోయినా.

చేతులకు బదులు అడగాల్సినవి మూడే: "ఏం జరగాలనుకున్నావ్? ఏం జరిగింది? ఏ లైను దగ్గర తేడా వచ్చిందనుకుంటున్నావ్?" మూడింటికీ జవాబులు చెప్పేసరికి సగం మందికి దొరికిపోతుంది. దొరకనివాళ్ళు పక్క జంటను అడగాలి. ఆ తర్వాతే అక్క. మీకు తెలియకపోతే "నాకూ తెలీదు, చూద్దాం" అనండి. ఆ మాట విని పిల్లలు నన్ను చిన్నచూపు చూస్తారని మొదట్లో భయపడ్డాను. వాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

ఏఐ చాట్‌బాట్‌లు మీరు వద్దన్నా వాడతారు. నా షరతు ఒక్కటే: ముందు నీ ఊహ కాగితం మీద రాయి, తర్వాత అడుగు, అది ఇచ్చిన ప్రతి లైనూ నాకు వివరించు. వివరించలేని లైను చెరిపెయ్యాలి.

9. రాని పిల్ల

హాజరు పట్టీ పెట్టండి, పేర్ల పక్కన కారణం రాసే గడితో. ఒక వారం రాకపోతే ఫోన్. రెండు వారాలు రాకపోతే ఇంటికి. "ఎందుకు రాలేదు" అని అడగకండి, అది స్కూలు ప్రశ్న. "ఈ వారం పువ్వు గీశాం, నీ జంట ఒక్కతే కూర్చుంది" అని చెప్పి రండి. పెద్దమనిషైందని మాన్పించారు ఒకరిని. వాళ్ళమ్మతో మాట్లాడితే సమస్య చదువు కాదు, కాలువ గట్టు మీద ఒంటరిగా నడిచి రావడం. అదే వీధి నుంచి వచ్చే ఇద్దరితో జత చేశాం, వచ్చింది. ఇంకొకరి విషయంలో ఏం చేసినా కుదరలేదు. పదో తరగతి తర్వాత పెళ్ళి అనుకుంటున్నారని తెలిసి, అది చట్టరీత్యా నేరమని మెత్తగానూ గట్టిగానూ చెప్పి, 1098కి కూడా చేశాం. పెళ్ళి ఆగింది, క్లాసుకి మాత్రం రానివ్వలేదు.

10. పన్నెండో ఆదివారం, ఆ తర్వాత

చివరి వారం ఇంట్లోవాళ్ళను పిలిచి, పిల్లలు చేసినవి వాళ్ళ చేతే చూపించండి. స్టేజీ, శాలువాలు వద్దు. ప్రాజెక్టు ఇంటికి పనికొచ్చేదైతే మంచిది: పాలకేంద్రం లెక్క, కొబ్బరికాయల లెక్క, డ్వాక్రా పొదుపు లెక్క. పొదుపు లెక్క చేసిన పిల్లను వాళ్ళ సంఘం లీడరు పక్కన కూర్చోబెట్టుకుని వడ్డీ సరిచూసుకుంది. ఆరు రూపాయలు తేడా వచ్చింది. తప్పు పిల్లది కాదు, పుస్తకంది.

పది చదివేవాళ్ళకు దారులు చెప్పండి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాస్తే మూడేళ్ళ డిప్లొమాలో కంప్యూటర్ బ్రాంచి తీసుకోవచ్చు. పదో తరగతి మార్కులతో నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ళ కోర్సు ఉంది. ఇంటర్‌లో ఎంపీసీ అందరికీ తెలిసిందే. అప్లికేషన్ నింపే రోజున పక్కన కూర్చోండి, ఓటీపీ వచ్చే ఫోన్ ఎవరి దగ్గరుందో ముందే కనుక్కోండి. కువైట్‌లో ఉన్న తల్లి నంబరుకి ఓటీపీ వెళ్ళి, ఆవిడ పనిలో ఉండి, మేము ఇక్కడ మూడుసార్లు మళ్ళీ నింపాం.

విడత అయ్యాక ఒకరిద్దరు పెద్ద పిల్లలను వచ్చే ఏడాదికి చిన్నక్కలుగా ఉండమని అడగండి. మొదట ఇవ్వాల్సింది పాఠం కాదు, హాజరు పుస్తకం. రాని పిల్ల ఇల్లు ఎక్కడో వాళ్ళకే తెలుసు. పోయిన సెప్టెంబరులో మా చిన్నక్క ఒకతె మొదటి రోజే ఆరో తరగతి పిల్ల మౌస్ లాక్కుంది. నేనేమీ అనలేదు. నా గ్లాసు తెచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.